బిస్కెట్ మీది చాక్లెట్ ఏ చెట్టుది?

సంక్రాంతికి మా ఇంట్ల సకినాలు, అరిసెల గిన్నెల పక్కన ఈసారి ఒక రేకు డబ్బ గూడ చేరింది. మా పెద్దబాపు కొడుకు ఇంగ్లండ్ల ఉంటడు. క్రిస్మస్ సెలవులల్ల ఇంటికి వచ్చుకుంట తెచ్చిండు. ముదురు నీలం డబ్బ, మీద బంగారు రంగు అక్షరాలు, అండ్ల అన్నిటికంటే పెద్దగ రాసింది 'లగ్జరీ' అని. లోపల చాక్లెట్ల ముంచి తీసిన బిస్కెట్లు, తొమ్మిది రకాలు, మొత్తం 30. ధర పది పౌండ్లట. మన పైసలల్ల పన్నెండు వందల దాకా అయితది. ఆ లెక్క ఇన్నంక మా అమ్మ మూత పెట్టి డబ్బను బీరువా మీదికి ఎక్కిచ్చింది. "గిది తినెటిదా, సుట్టాలు వస్తే సూపెట్టెటిదా?" అన్నది.

మూడు రోజులు అది అక్కడ్నే ఉన్నది. కనుమ నాడు మా అక్క, బావ వచ్చిన్రు. వాళ్లది అశ్వారావుపేట దిక్కు. నాలుగెకరాల పామాయిల్ తోట, ఆ చెట్ల నీడకు కోకో. డబ్బ సంగతి చెప్పంగనే బావ నవ్విండు. "ఎనిమిదేళ్ల నుంచి కోకో గింజలు అమ్ముతున్నా బామ్మర్దీ. వాటితో చేసిన అసలు సరుకు ఎట్లుంటదో ఒక్కసారి కూడా తిని చూడలా" అన్నడు. మా బావది ఖమ్మం దిక్కు మాట, జర ఏలూరు గాలి తగుల్తది. తర్వాత మెల్లగ ఇంకో మాట అన్నడు: "ఈ ఏడు ఆ చెట్లు కొట్టేద్దామా అని చూస్తున్నా. రేటు చూస్తే తియ్యడానికి కూలి కూడా గిట్టేట్టు లేదు."

ఆ మాటకు మా అమ్మనే కుర్చీ ఏసుకొని డబ్బ కిందికి దించింది.

ఒక్కటే తింటే ఏం తెలుస్తది అని నేను కిరాణ దుకాణానికి పోయి పది రూపాయల 'చోకో' బిస్కెట్ ప్యాకెట్ ఒకటి తెచ్చిన. ఒకే పళ్లెంల ఈ దిక్కు అవి, ఆ దిక్కు ఇవి. మొదలు మా అక్క కొడుకుకు కండ్లు మూసి రెండూ తినిపిచ్చిన. వానికి ఏడేండ్లు. ఏది బాగుందిరా అంటే ఆగకుండ చెప్పిండు: పది రూపాయలదే. అందరం నవ్వినం గని పోరడు చెప్పింది తప్పేం కాదు. దాంట్ల చక్కెర గట్టిగ ఉంటది, నోట్లె ఏసుకోంగనే తీపి కొడ్తది. పిల్లల నాలుకకు అదే కావాలె. మనం గూడ నమిలి మింగితే పెద్దగ తేడా తెల్వదు.

తేడా తెల్వాలంటే నమలొద్దు. ముక్క విరిచి, పూత ఉన్న దిక్కు నాలుక మీద పెట్టి, నోరు మూసుకొని ఇరవై లెక్కపెట్టున్రి. పన్నెండు వందల దాని పూత పదిహేను లెక్కపెట్టేలోపల్నే కరిగి నూనె లెక్క జారిపోయింది. నోట్లె ఏం మిగల్లే, వాసన ఒక్కటి ముక్కుల దాకా వచ్చింది. పది రూపాయల దాని పూత ఇరవై అయినా మొండికేసి కూసున్నది. ఆఖరికి తీపి కరిగింది గని అంగిట్ల మైనం రాసినట్టు ఒక పొర పట్టుకున్నది. చాయ్ తాగితే గని పోలే.

దీంట్ల మాయ ఏం లేదు, కొవ్వు సంగతి ఇది. కోకో గింజల సగం కొవ్వే ఉంటది. దాన్నే కోకో బటర్ అంటరు. దాని గుణం ఏందంటే, 34 డిగ్రీల దగ్గర కరుగుతది. మన ఒంటి వేడి 37. అంటే చేతుల ఉన్నంతసేపు గట్టిగ ఉంటది, నోట్లెకు పోంగనే కరుగుతది. గట్ల టక్కున గట్టిగ, టక్కున నీళ్లగ మారే కొవ్వు మస్తు తక్కువ. చాక్లెట్ అంటే లోకం అంత పిచ్చి పడేది సగం ఈ ఒక్క గుణానికే. పది రూపాయల బిస్కెట్ మీద ఉన్నది ఆ కొవ్వు కాదు. పామాయిల్ గింజ నుంచి తీసిన నూనెను గట్టిపరిచి, అండ్ల చక్కెర, కోకో పొడి కలిపి పూస్తరు. ఆ కొవ్వు ఇంకా ఎక్కువ వేడికి గని పూరాగ కరగదు, గందుకే అంగిట్ల అట్ల పట్టుకుంటది.

జర ఆగి ఈ కోకో పొడి సంగతి చెప్పాలె. గింజలను వేయించి, నూరి, ముద్ద చేసి గట్టిగ ఒత్తుతరు. ఒత్తితే బటర్ కారుతది, పిప్పి మిగుల్తది. నెదర్లాండ్స్‌ల 1828లనే ఇట్ల ఒత్తే పద్ధతికి పేటెంట్ తీసుకున్నరు. ఆ పిప్పిని దంచితే కోకో పొడి. రంగు, చేదు పొడిల ఉంటయి. కరిగే గుణం బటర్ల ఉంటది. మన నువ్వుల గానుగ లెక్కనే, నూనె ఒక దిక్కు, పిండి ఒక దిక్కు.

డబ్బల తెల్ల చాక్లెట్ బిస్కెట్ ఒకటి ఉండె. మా అమ్మ దాన్ని చూసి "గిది చాక్లెట్ ఎట్లయితది, పాలకోవ లెక్కుంది" అన్నది. తెల్ల చాక్లెట్ అంటే కోకో బటర్, పాలు, చక్కెర. పొడి ఉండదు గాబట్టి రంగు రాదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అండ్ల కనీసం 20 శాతం కోకో బటర్ ఉండాలె. ఇప్పుడు పళ్లెం దిక్కు చూస్తే సంగతి ఉల్టా ఉన్నది. తెల్లదాంట్ల కోకో కొవ్వు ఉన్నది, రంగు లేదు. పది రూపాయలదాంట్ల కోకో రంగు ఉన్నది, కొవ్వు లేదు. ఏది చాక్లెట్ అంటే కంటికి ఒకటి అనిపిస్తది, నోటికి ఇంకొకటి.

మిగతా రకాలల్ల అల్లం బిస్కెట్ మా అమ్మకు నచ్చింది, "అల్లం మురబ్బకు సొక్క తొడిగినట్టున్నది" అన్నది. నారింజ వాసన ఉన్నది నాకు నచ్చలే, దగ్గు మందు యాదికొచ్చింది. వెన్న ఎక్కువ ఏసిన బిస్కెట్‌ను సగం దాకే ముంచినది ఒకటి ఉండె. నన్ను అడిగితే మొత్తం డబ్బకు అదొక్కటి చాలు. సగం దిక్కు ఉప్పుప్పగ వెన్న, సగం దిక్కు చాక్లెట్. మొత్తం కప్పేస్తే బిస్కెట్ రుచి దాక్కుంటది.

అన్నిటికంటే నల్లగున్నది, డార్క్ చాక్లెట్‌ది, బావకు ఇచ్చినం. నాలుక మీద పెట్టుకొని కండ్లు మూసుకున్నడు. చేదుకు మొఖం అంత వంకర పెట్టిండు. జరసేపటికి కండ్లు తెరిచి మా అక్క దిక్కు చూసి "మన కల్లం వాసన" అన్నడు.

ఆ మాట అర్థం కావాల్నంటే కోకో ఎట్ల చేస్తరో తెలిసుండాలె. కాయ కోసి పగలగొడ్తే లోపల తెల్లటి గుజ్జుల 30, 40 గింజలు ఉంటయి. ఆ గుజ్జు పుల్లపుల్లగ, తియ్యగ, సీతాఫలం లెక్క చప్పరిచ్చుకుంట తినొచ్చు. లోపలి గింజ కొరికితే మాత్రం వంకాయ రంగు, వొగరు, చేదు. చాక్లెట్ వాసన నామమాత్రం గూడ ఉండదు. ఆ పచ్చి గింజలను గుజ్జుతోని సహా బుట్టలల్ల, పెట్టెలల్ల పోసి, అరిటాకులు కప్పి, ఐదారు రోజులు పులవేస్తరు. మధ్యల తిరగేస్తరు. కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడ్తది, సిర్క లెక్క పులుపు వాసన కొడ్తది. ఆ పులుపుల, ఆ వేడిల గింజ లోపల మార్పు వస్తది, వేయించినంక చాక్లెట్ వాసన వచ్చేది దాన్నుంచే. పులవేయని గింజను ఎంత వేయించినా చాక్లెట్ కాదు. తర్వాత వారం దాకా ఎండబెడ్తరు. తేమ ఏడు శాతం దాకా దిగాలె, లేకుంటే బూజు పడ్తది. ఇదంత ఫ్యాక్టరీల కాదు, రైతు ఇంటి ముందు జరుగుతది. అంటే డబ్బ మీద 'లగ్జరీ' అని రాసుకున్న రుచిల పెద్ద భాగం తయారైంది కల్లంలనే. మా బావ ఎనిమిదేండ్లు చేసిన పని అదే. దాని పేరు మాత్రం ఆ డబ్బ మీద యాడ లేదు.

మధ్యాహ్నం ఇంకో పని చేసినం. స్టీలు పళ్లెంల రెండు రకాలు పెట్టి డాబా మీద ఎండకు ఉంచినం. పళ్లెం వేడెక్కంగనే డబ్బ బిస్కెట్ మీది చాక్లెట్ మెత్తబడి కిందికి జారింది. పది రూపాయలది చెమట పట్టినట్టు మెరిసింది గని పూత నిలబడ్డది. తెల్లారి చూస్తే జారి గడ్డకట్టిన చాక్లెట్ మీద తెల్లతెల్లగ మచ్చలు వచ్చినయి. మా అక్క బూజు అనుకొని పారేయబోయింది. అది బూజు కాదు. కోకో బటర్ గడ్డకట్టే తీర్లు ఆరు ఉంటయి. అండ్ల ఐదో తీరుల గడ్డకడ్తేనే మెరుపు, విరిస్తే టక్కుమనే చప్పుడు వస్తయి. ఆ తీరు రావాల్నంటే కరిగిన చాక్లెట్‌ను చల్లార్చి, మళ్ల జర వేడి చేసి, కొలత తోని చేస్తరు. ఎండకు కరిగి దానంతట అది గడ్డకడ్తే తీరు తప్పుతది, కొవ్వు పైకి తేలి తెల్లగ కనవడ్తది. ఎండాకాలం కిరాణ దుకాణంల కొన్న చాక్లెట్ తెల్లగున్నదని దుకాణపాయనతోని కొట్లాడెటోళ్లు ఉన్నరు. రుచి తగ్గుతది, నమిలితే ఇసుక లెక్క తగుల్తది గని ఆ తెలుపుతోని కడుపు ఖరాబ్ కాదు.

గందుకే పామాయిల్ పూత పెట్టిన కంపెనీని ఊకే తిట్టుడు గూడ నాకు ఇష్టం లేదు. మే నెలల మన దగ్గర 42, 43 డిగ్రీలు కొడ్తది. ఏసీ లేని ఆటోల, రేకుల దుకాణంల కోకో బటర్ ఉన్న బిస్కెట్ మిగలదు, ముద్దయితది. పది రూపాయలకు ఊరూరికి చేరాల్నంటే కరగని కొవ్వు కావాలె. నా కొట్లాట ఏందంటే, అది చాక్లెట్ కాదని సక్కగ చెప్పాలె.

చట్టం చెప్పమనే అంటున్నది. మన ఆహార భద్రత సంస్థ నిబంధన ప్రకారం చాక్లెట్ అని పేరు పెట్టాల్నంటే కోకో బటర్ కాకుండ వేరే నూనె కొవ్వు ఐదు శాతం దాటొద్దు. గందుకే దాటినోళ్లు ప్యాకెట్ మీద 'చాక్లెట్' అని రాయరు. 'చోకో' అంటరు, 'చాక్లెటీ' అంటరు, 'చాక్లెట్ ఫ్లేవర్' అంటరు. బొమ్మల మాత్రం కరిగిన చాక్లెట్ జాలువారుతనే ఉంటది. మీరు ప్యాకెట్ తిప్పి వెనుక చిన్న అక్షరాలు చూడున్రి. ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రాయాల్నని రూలు. చక్కెర తర్వాత 'వెజిటబుల్ ఫ్యాట్' అనో 'పామ్ కెర్నెల్' అనో ఉండి, ఆ తర్వాత ఎక్కడ్నో 'కోకో పౌడర్' ఉంటే అది పూత, చాక్లెట్ కాదు. 'కోకో బటర్', 'కోకో మాస్' ముందు వరుసల ఉంటే చాక్లెట్. అక్షరాలు మరీ చిన్నగుంటయి, ఫోన్ల ఫొటో తీసి పెద్దగ చేసి చదువున్రి. నేను అట్లనే చేసిన.

ఇది మన దగ్గరి ముచ్చట ఒక్కటే అనుకోవద్దు. ఇంగ్లండ్ల చిన్నప్పటి సంది అందరూ తినే పెంగ్విన్, క్లబ్ అనే బిస్కెట్ బార్లు ఉన్నయి. 2025ల వాటి మీద 'చాక్లెట్' అనే మాట పోయింది, 'చాక్లెట్ ఫ్లేవర్' అయింది. ఆ దేశంల మిల్క్ చాక్లెట్ అనాల్నంటే కనీసం 20 శాతం కోకో, 20 శాతం పాల పదార్థం ఉండాలె. కోకో పిరమై కంపెనీ కొవ్వు మార్చింది, పేరు పెట్టుకునే హక్కు పోయింది. అక్కడోళ్లు మస్తు బాధపడ్డరని మా అన్న చెప్పిండు.

లగ్జరీ అన్న మాటకు ఆ దేశంల పన్ను లెక్క గూడ ఉన్నది, ఇది చెప్పకుండ ఉండలేను. అక్కడ ఉత్త బిస్కెట్ మీద వ్యాట్ సున్న. దాని మీద చాక్లెట్ పూస్తే 20 శాతం. అదే కేకు మీద చాక్లెట్ పూస్తే మళ్ల సున్న. గందుకే జాఫా కేక్స్ అనే సరుకు బిస్కెటా, కేకా అని పన్నోళ్లకు, కంపెనీకి పంచాయితి పడ్డది. 1991ల ట్రిబ్యునల్ అది కేకే అని తేల్చింది. పాతబడ్డంక బిస్కెట్ మెత్తబడ్తది, కేకు గట్టిపడ్తది, ఇది గట్టిపడ్తున్నది అనేది గూడ అండ్ల ఒక సాక్ష్యం. మనిషి బొమ్మ లెక్క చేసే అల్లం బిస్కెట్‌కు చాక్లెట్‌తోని రెండు కండ్ల చుక్కలు పెడ్తే పన్ను లేదు, గుండీలు, బెల్టు గూడ పెడ్తే 20 శాతం. మన దగ్గర ఆ తలనొప్పి లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్, చాక్లెట్ రెండింటి మీద జీఎస్టీ 18 నుంచి ఐదు శాతానికి దిగింది.

ఇగ బావ లెక్కకు వద్దాం. డబ్బ బరువు 450 గ్రాములు. అండ్ల చాక్లెట్ 40 శాతం అని డబ్బ మీదనే రాసిండ్రు, అంటే 180 గ్రాములు. చాక్లెట్ల మూడో వంతు కోకో అనుకుంటే 60 గ్రాములు. ఎండిన గింజ ఒక్కటి ఒక గ్రాము చుట్టుముట్టు తూగుతది. పొట్టు పోను 70 గింజలు కావాలె. అంటే రెండు కాయలు. కిలో ఐదు వందలు ఏసుకుంటే 35 రూపాయలు. పన్నెండు వందల డబ్బల రైతుకు 35. మిగతాది పిండి, వెన్న, రేకు డబ్బ, జీతాలు, ఓడ కిరాయి, దుకాణపోని లాభం, ఆ 20 శాతం పన్ను, ఇంకా ఆ బంగారు అక్షరాలు. మా బావ ఫోన్ల లెక్క రెండు సార్లు కొట్టి చూసిండు. ఏమనలే.

ఆ ఐదు వందలు గూడ నిలకడ లేదు. ప్రపంచంల కోకో సగం కంటే ఎక్కువ ఐవరీ కోస్ట్, ఘనా దేశాలనుంచే వస్తది. అక్కడ వానలు తప్పి, చెట్లకు తెగులు పట్టి పంట పడిపోతే 2024 ఏప్రిల్ల టన్ను పదివేల డాలర్లకు పోయింది. డిసెంబర్ల పన్నెండు వేలు దాటింది. అంతకుముందు చానా ఏండ్లు రెండు, మూడు వేలే ఉండె. ఆ గాలి మన దాకా వచ్చింది. 2024ల ఆంధ్ర దిక్కు ఎండు గింజ కిలో వెయ్యి రూపాయల దాకా పలికింది. దేశంల కోకో ఎక్కువ పండేది ఆంధ్రప్రదేశ్‌లనే, ఏలూరు, పశ్చిమ గోదావరి దిక్కు. ఆ రేటు చూసి కొత్తగ మొక్కలు పెట్టినోళ్లు ఉన్నరు. తెల్లారేసరికి, అంటే 2025ల, రేటు సగానికి పడ్డది. ఏలూరు జిల్లా రైతులు రోడ్డెక్కిన్రు. ఆఖరికి అక్కడి సర్కారు కిలోకు 50 రూపాయలు తను ఏసుకొని 500 ఇప్పిస్తమన్నది. మా బావది తెలంగాణ గట్టు. గింజలు అమ్మేది ఆ దిక్కు వ్యాపారులకే, సాయం మాత్రం గట్టు దాటి రాలే.

ఇంకో సంగతి రాత్రి పండుకునేముందు బావనే చెప్పిండు. కోకో పిరమైతే కంపెనీలు ఏం చేసినయి? కోకో బటర్ తగ్గిచ్చి పామ్ కొవ్వు పెంచినయి. పామాయిల్ ఎక్కడ్నుంచి వస్తది? ఆయన తోట పైన ఉన్నది అదే. గెల పండు మీది కండ నుంచి ఒక నూనె, లోపలి గింజ నుంచి ఇంకో నూనె, ఆ గింజ నూనెనే బిస్కెట్ పూతకు పోయేది. "పైన చెట్టుదేమో పది రూపాయల బిస్కెట్‌కి, కింద చెట్టుదేమో లగ్జరీ డబ్బాకి. రెండూ నా తోటే. కింద చెట్టు రేటు పెరిగితే వాళ్లు పై చెట్టుకి పోతారు. అది పడితే కింద చెట్టుకి వస్తారా అంటే, జనం నాలుక ఈలోపల అలవాటు పడిపోద్ది" అన్నడు.

అక్క మాత్రం చెట్లు కొట్టనియ్య అన్నది. కోకో ఆకు రాలి తోటల మెత్తగ పరుచుకుంటది, పామాయిల్‌కు నీళ్లు తక్కువ పడ్తున్నయి అని ఆమె లెక్క. గెలకు గెలకు మధ్య ఖర్సుకు ఎల్లేది గూడ గింజల పైసలే అన్నది. ఇద్దరు చానాసేపు మాట్లాడుకున్నరు, నాకు నిద్ర పట్టింది.

డబ్బల ఆఖరికి నాలుగు మిగిలినయి. మా మేనల్లుడు వద్దన్నడు, వానికి చోకోనే కావాలె. రెండు నల్లయి బావ కాగితంల చుట్టుకున్నడు. పక్క తోటాయన గూడ పదేండ్ల సంది కోకో పండిస్తడట, ఆయనకు తినిపిస్తడట. దారిల కరుగుతదని, ఎండ ఎక్కకముందే పొద్దుగాల ఆరు గంటల బస్సుకు పోయిండ్రు.